శీతకాలపు దిగులు: బస్తరు పల్లెలలో దాని కారణములు, నివారణము

కార్తికము గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి బస్తరు సీమలో వరికోతలు ముగింపునకు వచ్చును. కళ్ళములలో నూర్పిళ్ళు సాగుచుండును. ప్రొద్దుననే కాంగేరు లోయ మీదను, ఇంద్రావతి యొడ్డులందును మంచు దట్టముగా క్రమ్మును. జగదల్‌పుర్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల యెత్తున నున్నది. బైలదిలా కొండలు అంతకంటె నెత్తైనవి. అందుచేత అచ్చటి పుష్యమాసపు రాత్రులు గోదావరి తీరపు రాత్రులకంటె మిక్కిలి చల్లగా నుండును. అయినను ఇది లేమి కాలము కాదు. గాదెలో క్రొత్త ధాన్యమున్నది. సంతలలో సందడి యున్నది. ఇట్టి మంచి దినములలోనే కొందరు కారణము తమకే తెలియకుండ క్రుంగిపోవుదురు. తెల్లవారినను పక్క విడువ బుద్ధి పుట్టదు. అన్నము సహింపదు. నలుగురిలో కూర్చుండవలెనని తోచదు.

అట్టివారిని ఏమైనదని యడిగినచో తలనొప్పి యనియో, ఒళ్ళు బరువనియో, ఆకలి లేదనియో చెప్పుదురు గాని మనస్సు బాగులేదని చెప్పువారు అరుదు. చెప్పుటకు మాటలు లేక కాదు. తెలుగులో ఇందుకు చక్కని మాటలు కలవు. దూరమైన మనిషిని తలచుకొని కలుగునది బెంగ. ఏదో కీడు రానున్నట్లు గుండెలో మెదలునది గుబులు. హేతువు కనబడక లోపల నిలిచిపోవునది దిగులు. వాడుకలో ఈ మూడును తరచు కలిసిపోవుచున్నను, వైద్యుని యొద్దకో ఆరోగ్య కార్యకర్త యొద్దకో పోయినప్పుడు ఈ భేదము నెరిగి చెప్పుట చాల ఉపకరించును. ఏలయన బెంగకు చేయవలసిన ఉపచారము వేరు, దిగులునకు చేయవలసినది వేరు.

ఉత్తరదేశముల యనుభవము

శీతకాలమున మనస్సు క్రుంగుట యొక ప్రత్యేక వ్యాధిగా వైద్యశాస్త్రమున కెక్కినది 1984లో. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నుండి అమెరికాకు వచ్చిన నార్మన్ రోజెంథాల్ అను మనోవైద్యుడు, ఎండదేశమునకు అలవాటుపడిన తనకు అచ్చటి శీతకాలములో ఉత్సాహము తగ్గిపోవుటను గమనించెను. పిమ్మట బెథెస్డాలోని జాతీయ మానసికారోగ్య సంస్థలో సహచరులతో కలిసి అట్టి రోగులను పరిశీలించి, ఏటేట చలికి ముందు మొదలై వసంతమున తగ్గిపోవు ఆ దైన్యమును వర్ణించి, దానికి ఋతువును బట్టిన పేరు పెట్టెను. ఇప్పుడు ఆ దేశములలో 10,000 లక్సుల వెలుగు నిచ్చు దీపము నెదుట ప్రాతఃకాలమున అరగంట కూర్చుండుట సాధారణ చికిత్సలలో నొకటి యైనది.

ఇందలి సూక్ష్మ మిట్టిది. కంటిలో ప్రవేశించు వెలుతురు చూపు కొరకు మాత్రమే కాదు. మెదడులోపల నొక గడియారము వంటి భాగము కలదు. నిద్ర, ఆకలి, ఒంటి వేడిమి మొదలగువాని వేళలను అది నడపును. చీకటి పడినంతట మెలటోనిన్ అను రసము పీనియల్ గ్రంథి నుండి ఊరి శరీరమునకు రాత్రి యైనదని తెలుపును. ఉదయపు వెలుతురు దానిని ఆపి గడియారమును సరిదిద్దును. వెలుతురు చాలనిచో శరీరము తెల్లవారిన పిమ్మటను రాత్రియే యనుకొని మందగించును.

నార్వే దేశమున ట్రోమ్సో నగరములో నవంబరు కడపటి వారము మొదలు జనవరి నడుమ వరకు సూర్యబింబము కనబడదు. ఆ దేశములోనే ర్యూకాన్ అను ఊరు లోతైన లోయలో నుండుటచే చలికాలమంతయు కొండనీడలో మునిగి యుండును. ఆ ఊరివారు 2013లో కొండమీద పెద్ద అద్దములు నిలిపి ఎండను ఊరి నడిమి చావడిపైకి మరలించుకొనిరి. ఎండ కొరకు మనుష్యులు ఎంత పాటుపడుదురో చూపుటకు ఇంతకంటె వేరు దృష్టాంతము అక్కరలేదు.

బస్తరులో సూర్యునికి లోటు లేదు

అయితే ఈ శాస్త్రమును ఉన్నది ఉన్నట్లు బస్తరునకు తెచ్చి అతికించుట తగదు. జగదల్‌పుర్ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అచ్చట డిసెంబరు మాసపు అతి చిన్న పగలు కూడ సుమారు 11 గంటల కాలముండును. జూన్ మాసపు అతి పెద్ద పగలు 13 గంటలకు కొంచెము పైబడును. నడిమి భేదము రెండు గంటలకు మించి కొంచెమే. ఫిన్లాండు రాజధాని హెల్సింకీలోని చిన్న పగలు ఆరు గంటలైనను నిండదు. మఱియు బస్తరులో ఆకాశము మూసికొని యుండునది వర్షకాలమున గాని శీతకాలమున గాదు. మంచు విడిన పిమ్మట ఎండ తెల్లగా కాయును. కావున వెలుతురు లేమి యొక్కటే కారణమని చెప్పి దీపములు కొనిపించుట ఇచ్చట వ్యర్థ వ్యయము.

అంతమాత్రమున వెలుతురు సంగతి బొత్తిగా విడువదగినది కాదు. చలికి వెరచి వృద్ధులు ఉదయమంతయు ఇంటిలోపలనే ముడుచుకొని కూర్చుందురు. కిటికీలు లేని, వాకిలి చిన్నదైన గుడిసెలో పట్టపగలు కూడ చీకటియే. పొయ్యి పొగ దానికి తోడు. కిరందుల్, బచేలి పట్టణములు బైలదిలా కొండ పాదమున తూర్పుదిక్కున నున్నవి గనుక సాయంకాలపు ఎండ వారికి పెందలకడనే కొండ చాటునకు పోవును. గనులలో రాత్రి పాళీ చేసి పగలు నిద్రించువారికి ఎండ తగులుటయే అరుదు. ఇట్టివారందరికి ఖర్చులేని యుపాయ మొకటి యున్నది. ఉదయమున మంచు విడగానే అరగంట సేపు ముంగిటనో, అరుగుమీదనో, పొలముగట్టుననో మసలుట. ఆరుబయట నీడపట్టున నున్నను సాధారణముగా వేలకొలది లక్సుల వెలుగు లభించును. ఇంటిలోని విద్యుద్దీపము క్రింద దొరకునది కొన్ని వందలు మాత్రమే. సూర్యుని వైపు కన్నులార్పక చూడవలసిన పని లేదు, చూడరాదు కూడ. ఆ వేళనే ధాన్య మెండబోయుట, వాకిలి చిమ్ముట, పశువుల విప్పుట మొదలగు పనులు పెట్టుకొన్నచో ఉపచారమును పనియు రెండును జరుగును.

అడవిలో నుండువారికి ఆటపాటలే గాని మనోవ్యథ లెక్కడివి యని పట్టణవాసులు కొందరు తలతురు. ఇది పొరపాటు. వెరియర్ ఎల్విన్ బస్తరులోని మరియా జాతివారిని గురించి 1943లో ప్రకటించిన గ్రంథమునకు హత్య, ఆత్మహత్య యనునవియే విషయములు. ఆ నాటికే న్యాయస్థానముల దస్త్రములలో అంతటి దుఃఖము నిలువ యుండెను. 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేక్షణము పండ్రెండు రాష్ట్రములలో జరుపబడగా వానిలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. మొత్తముమీద నూరుగురు పెద్దవారిలో పదిమందికి పైగా ఏదో యొక మానసిక బాధ కలదనియు, వారిలో చాలమందికి చికిత్స యందుట లేదనియు దానివలన తేలినది.

ఊరు వెలితియగు కాలము

బస్తరులో శీతకాలపు దైన్యమునకు అసలు కారణములలో ముఖ్యమైనది వేరొకటి. అది మనుష్యుల లేమి.

వరి ఇల్లు చేరి సంక్రాంతి సమీపించునప్పటికి దక్షిణ బస్తరులోని సుక్మా, బీజాపుర్, దంతెవాడ జిల్లాల పల్లెల నుండి యువతీయువకులు గుంపులు గుంపులుగా మిరప కోతలకు బయలుదేరుదురు. ములుగు, భద్రాద్రి కొత్తగూడెము, ఖమ్మము జిల్లాల చేలలోను, మఱికొందరు కృష్ణా, గుంటూరు సీమలలోను పనిచేయుదురు. మాఘ ఫాల్గునములు అచ్చటనే గడచును. కొందరు కూలిలో కొంత భాగమును మిరపకాయలుగానే మూటగట్టుకొని మరలుదురు. కోంటా, భోపాలపట్నము వైపు దోర్లాలకును ఇతరులకును తెలుగు వచ్చును గనుక ఈ రాకపోకలు వారికి పరదేశగమనములుగా తోచవు. అది సరియే. కాని వెనుక మిగిలిన వారి సంగతి యేమి? ఇంటికి ముసలి తల్లియో, ఎడపిల్లలతో నున్న కోడలో, పశువులను కనిపెట్టు తాతయో మిగులుదురు. నెగడు చుట్టు పదిమంది కూర్చుండు చోట ఇద్దరు కూర్చుందురు. రాత్రి పొడవు. మాటలాడుటకు మనిషి లేడు. పోయినవారి వార్త తెలియవలెనన్న, దూరవాణికి సంకేతము దొరకని పల్లెలలో గుట్ట యెక్కవలెను.

ఆశ్రమ పాఠశాలలలో నుండు పిల్లలును ఈ లెక్కలోనివారే. తల్లిదండ్రులు మిరప చేలలో నున్నంత కాలము సెలవుదినమున చూడవచ్చువా రుండరు. కడుపునొప్పి యని మాటిమాటికి ఉపాధ్యాయునితో చెప్పు బాలునికి కొన్నిసారులు కడుపులో నున్నది బెంగయే.

2020 మార్చి నెలాఖరున కొరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు మిరప చేలలో చిక్కుకొన్న బస్తరు కూలీలు అడవిదారుల వెంట నడచి ఇండ్లకు మరలిరి. దారిలోనే ప్రాణములు విడిచినవారు కూడ కలరు. ఆ సంవత్సరము తరువాత, పోయినవారు సుఖముగా మరలుదురా యను గుబులు వెనుక నున్నవారికి ఎక్కువైనదనుటలో ఆశ్చర్యము లేదు. అంతకు పూర్వము 2005 తరువాత జరిగిన కలహములలో ఊళ్ళు విడిచి గోదావరి యివతలి అడవులకు చేరిన కుటుంబముల విషయము మఱియు బరువైనది. వారి బెంగ ఋతువుతో వచ్చి ఋతువుతో పోవునది కాదు.

ముందుగా ఒంటిని పరీక్షింపవలెను

ఉత్సాహము లేకుండుట యెల్లప్పుడు మనోదోషము కాదు. బస్తరులో ఈ మాట విశేషించి చెప్పవలసి యున్నది. మలేరియా అచ్చట ఎంతయో కాలముగా నెలకొన్న వ్యాధి. జ్వరము పైకి కనబడకయే రక్తములో మలేరియా క్రిములు నిలిచి మనిషిని నీరసపరచుట కలదు. 2020 జనవరిలో ఆరంభమైన ‘మలేరియాముక్త బస్తరు’ ఉద్యమములో జ్వరమున్నవారికే గాక ఇంటింటి యందరికిని రక్తపరీక్ష చేయుటకు ఇదియే కారణము. రక్తహీనత స్త్రీలలో సర్వసాధారణము. కొడవలికణ వ్యాధి, అనగా సికిల్ సెల్ జబ్బు, కలవారికి చలి సోకినచో కీళ్ళలోను ఎముకలలోను దుర్భరమైన నొప్పి రేగును. అట్టివారు శీతకాలమున పనికి పోలేక మూల కూర్చుండినచో సోమరితన మని నిందించుట అన్యాయము. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి మందగించినను చలికి ఓర్వలేకపోవుట, మలబద్ధము, మనస్సు మసకబారుట కలుగును. వీనిలో చాల భాగము చిన్న రక్తపరీక్షతో తేలును. కావున మనస్సు బాగులేదనుకొన్నవారు ముందుగా ఆరోగ్య కేంద్రమునకు పోయి ఒంటి సంగతి తేల్చుకొనవలెను.

సారాయి విషయము కూడ ఇచ్చటనే చెప్పుట మంచిది. జీలుగు చెట్టు కల్లును బస్తరులో సల్ఫీ యందురు. చలి దినములలో అది విరివిగా దొరకును. ఇప్పసారా ఎప్పుడును దొరకును. పూజలలోను పెండ్లిళ్ళలోను వీనికి గల స్థానమును కాదనుట ఈ వ్యాసము పని కాదు. నలుగురితో పండుగనాడు త్రాగుట వేరు. ఒంటరిగా, నిద్ర పట్టుటకై, ప్రతిరాత్రియు త్రాగుట వేరు. ఆ రెండవది నిద్రను నడిరాత్రి విరిచివేయును, తెల్లవారిన పిమ్మట దిగులును రెట్టింపు చేయును. త్రాగినప్పుడు చలి తగ్గినట్లు తోచుట కూడ భ్రమయే. చర్మము వెచ్చబడి లోపలి వేడిమి బయటికి పోవును.

నిప్పు కాగుటలో నొక హెచ్చరిక కలదు. బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు బిగించుకొని నిద్రించుట ప్రాణాపాయము. దాని విషవాయువునకు వాసన లేదు.

తోడు, పని, పలుకు

బస్తరు పెద్దలకు శీతకాలపు ఒంటరితనమునకు ఉపాయము తెలియకపోలేదు. మురియా యువకులు పుష్యమాసములో కోలలు చేతబట్టి ఊరూరు తిరిగి ఆడు ‘పుస్ కోలాంగ్’ నాట్యమును ఎల్విన్ వర్ణించి యున్నాడు. తెలుగు కోలాటములోని కోలయే ఆ పేరులోను వినబడునట్లు తోచును. పొరుగూరికి పోయి ఆడుట, ఆ ఊరివారు అన్నము పెట్టుట, మరల మఱియొక ఊరికి పోవుట. పొడవైన రాత్రులను ఒంటరిగా గడపనీయని ఏర్పాటు ఇంతకంటె నేమి కావలెను? వలసలు హెచ్చి ఇట్టి ఆచారములు సన్నగిల్లిన చోట వాని పని చేయునది వేరొకటి యుండవలెను. సంత మిగిలి యున్నది. కొనుటకు అమ్ముటకు ఏమియు లేకపోయినను, దిగులుగా నున్నవారిని వారమున కొకమారు సంతకు వెంటబెట్టుకొని పోవుట మంచి చికిత్స.

ఈ మాట వట్టి ఊరడింపు కాదు. గోవాలో ప్రాథమికారోగ్య కేంద్రములకు వచ్చిన, తీవ్రమైన దైన్యముతో నున్న రోగులకు, వైద్యులు కాని సామాన్యులే కొద్దిపాటి శిక్షణతో ఆరు మొదలు ఎనిమిది మారులు కలిసికొని మాటలాడి, విడిచిపెట్టిన పనులను ఒక్కొక్కటిగా మరల చేయించిరి. అట్లు చేయించినవారిలో గుణము ఎక్కువగా కనబడినదని 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటితమైనది. ఉత్సాహము వచ్చిన పిమ్మట పని చేయుదమని కూర్చుండినచో అది రాదు. చిన్నపని ముందు, ఉత్సాహము వెనుక. మొదటి దినము బావి వరకు నడచుట చాలును. రెండవ దినము పెరటిలో పాదులకు నీరు. పొరుగింటివారు ‘ధైర్యముగా నుండుము’ అని పదిమారులు చెప్పుటకంటె, ‘పెద్దమ్మా, రమ్ము, కట్టెలకు పోవుదము’ అని యొకమారు పిలుచుట మేలు.

మిరప కోతలకు పోవువారు బయలుదేరుటకు ముందే, ఇంట మిగిలిన ముసలివారిని ఎవరు చూచుకొందురో ఊరిలో మాట యనుకొని పోవలెను. ఏ దినమున, ఏ వేళకు దూరవాణిలో పలుకరింతురో చెప్పి పోవలెను. నిశ్చయమైన వేళ యున్న యెడురుచూపు బెంగను తగ్గించును. వేళ తెలియని యెదురుచూపు పెంచును.

దైన్యము వ్యాధిగా మారినప్పుడు

ఇట్లు చేసినను దిగులు రెండు వారములకు మించి దినదినము నిలిచి యున్నచో, లేక వెనుక ఇష్టమైన పనులపై ఆసక్తి చచ్చిపోయి, నిద్రయు ఆకలియు మారి, తాను ఎందుకును కొరగానను మాట పదేపదే నోట వచ్చుచున్నచో దానిని వ్యాధిగానే యెంచవలెను. చావు మాట యెత్తినవారిని విని విననట్లు ఊరకుండరాదు. ‘చనిపోవలెనని తోచుచున్నదా?’ యని స్పష్టముగా అడుగవలెను. అడిగినంత మాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. లోపల నున్నది బయటపడి బరువు తగ్గును. అట్టివారిని ఒంటరిగా విడువరాదు. చేలకు చల్లు పురుగుమందును వారి చేతి కందని చోట తాళము పెట్టియో, ఇరుగుపొరుగువారి యింట నుంచియో కాపాడవలెను.

సిరహాను, గునియాను సంప్రతించుట బస్తరులో ఆచారము. వారి మాటవలన మనస్సునకు ఊరట కలిగినచో కలుగనిండు, కాని దానికై వైద్యమును ఆలసింపరాదు. ఒంటరిగా నుండి, తనలో తాను మాటలాడుకొనుచు, ఎవరితోను కలియని ముసలి స్త్రీని టోనహీ యని, అనగా చేతబడి చేయునదని, వేలెత్తి చూపుట మాత్రము క్షమింపరానిది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2005లో చేసిన టోనహీ ప్రతాడన నివారణ చట్టము ప్రకారము అది నేరము. ఆమెకు కావలసినది దీపము పెట్టు మనిషి, పరీక్షించు వైద్యుడు.

మొదట పోవలసినది మితానిన్ యొద్దకు. ఛత్తీస్‌గఢ్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తకు 2002లో ఏర్పడిన పేరు ఇది. ఛత్తీస్‌గఢీలో దానికి చెలికత్తె యని యర్థము. ఆ ప్రాంతములో ఇద్దరు మితానులుగా మాట యిచ్చుకొన్నచో ఆ స్నేహము బ్రదికినంత కాలము రెండు కుటుంబములను కట్టి యుంచును. కార్యకర్తకు ఆ పేరు పెట్టినవారు పల్లె మనస్సు నెరిగినవారు. ఆమె రోగిని ఆరోగ్య కేంద్రమునకును, అవసరమైనచో జిల్లా ఆసుపత్రికిని, జగదల్‌పుర్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికిని పంపించును. దైన్యమునకు వైద్యు డిచ్చు మాత్రలు మత్తుమందులు కావు, అలవాటుగా పట్టుకొనునవియు కావు. కాని వాని గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. వారము దినములు వాడి గుణము లేదని మానివేయువారే ఎక్కువ. గుణము కనబడిన వెంటనే మానివేయుటయు పొరపాటే. వైద్యుడు చెప్పినంత కాలము వాడి, ఆయన చెప్పిన రీతిని మెల్లగా తగ్గించి మానవలెను. మాత్రలతో మిరప కోతలకు పోవువారు పోవు దూరమును, మరలు దినమును వైద్యునికి ముందుగా చెప్పినచో అంత కాలమునకు సరిపడు మందును గురించి ఆయన ఏర్పాటు చేయగలడు.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ దూరవాణి సేవ సంఖ్య 14416. పగలు రాత్రి భేదము లేక, రుసుము లేక, తెలుగులోను హిందీలోను మాటలాడవచ్చును. సంకేతము లేని పల్లెలలో ఈ సంఖ్యను మితానిన్ ఇంటి గోడమీదను, సంత జరుగు చోటను, పాఠశాలలోను వ్రాసి యుంచినచో, గుట్ట యెక్కినప్పుడో పట్టణమునకు పోయినప్పుడో ఉపయోగించుకొన వీలగును.